బెట్ట, వేరుశనగ, డ్రెబ్ జన్యువులు

మొక్కల శరీరధర్మ శాస్త్రాన్ని పొలం గట్టు మీదికి తీసుకెళ్లి బోధించిన గురువుగారి పేరిట జరిగే స్మారకోపన్యాసం ఇది. ఎంత గొప్ప పరిశోధన గురించి చెప్పినా, దానివల్ల గింజ పెరుగుతుందా అని అడగడం ఆయన అలవాటు. నేటి అంశాన్నీ ఆ గీటురాయి మీదే పెడతాను.

అనంతపురం ఎర్రనేలల్లో వేరుశనగ పూత మీద ఉండగా వాన మొహం చాటేసిందనుకోండి. మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుంటాయి. పువ్వు నుంచి దిగిన ఊడ బిగుసుకుపోయిన నేలలోకి చొరలేక మొన ఎండుతుంది. ఊడ దిగనిదే కాయ లేదు. తర్వాత వాన పడితే మొక్క మళ్లీ పచ్చబడుతుంది, కానీ పీకి చూస్తే కాయలుండవు. మొక్క బతకడం వేరు, పంట చేతికి రావడం వేరు.

నీరు తగ్గిందని తెలియగానే మొక్క కణాల్లో వందలాది జన్యువులు పనిలోకి దిగుతాయి. వాటిలో కొన్నింటిని కదిలించే మీట ఏమిటో 1994లో తెలిసింది. జపాన్ శాస్త్రవేత్తలు కజుకో యమగుచి-షినొజాకి, కజువో షినొజాకి ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కను పరిశీలించి, ఆర్‌డి29ఎ జన్యువు ముందుభాగంలో తొమ్మిది అక్షరాల డీఎన్‌ఏ వరసను గుర్తించారు. బెట్ట, చలి, ఉప్పు తగిలినప్పుడు ఆ జన్యువు మేలుకోవడానికి ఆ వరస కావాలి. దాన్ని పట్టుకొనే ప్రొటీన్లను వారి బృందం 1998లో ప్రకటించింది. అవే డ్రెబ్‌లు. ఏపీ2/ఈఆర్‌ఎఫ్ అనే పెద్ద కుటుంబంలో ఇవి ఒక శాఖ. అరబిడాప్సిస్‌లోనే ఇవి యాభైకి పైగా ఉన్నాయి. డ్రెబ్1 రకాలు ప్రధానంగా చలికి, డ్రెబ్2 రకాలు బెట్టకు, ఉప్పుకు స్పందిస్తాయి. నీటికి లోటు లేనప్పుడు డ్రెబ్2ఎ ప్రొటీన్‌ను కణం నిలవనివ్వదు, ఎప్పటికప్పుడు విరిచేస్తుంది.

ఈ కట్టడి ఎందుకో 1999 నాటి ప్రయోగం చూస్తే అర్థమవుతుంది. డ్రెబ్1ఎ ఎల్లవేళలా పనిచేసేలా మార్చిన మొక్కలు బెట్టకు నిలిచాయి గానీ, నీళ్లు పుష్కలంగా ఉన్నా గిడసబారాయి. అదే జన్యువుకు ఆర్‌డి29ఎ ముందుభాగాన్ని, అంటే ప్రమోటరును జతచేసి, అవసరమైనప్పుడే గట్టిగా పనిచేసేలా చేస్తే మొక్కలు దాదాపు మామూలుగా ఎదిగాయి, బెట్టనూ ఓర్చుకున్నాయి. ఇంటిల్లిపాదీ రోజంతా కావలి కాస్తూ కూర్చుంటే పొలం పని సాగదు కదా! రక్షణకు పెట్టే ఖర్చు ఎదుగుదల నుంచే రావాలి. కాబట్టి జన్యువు ఉందా అన్నదానికంటే, అది ఎప్పుడు, ఎంత పనిచేస్తోందన్నదే అసలు సంగతి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ జోడీనే జెఎల్ 24 రకం వేరుశనగలో ప్రవేశపెట్టారు. నీరు తగ్గించి పెంచినప్పుడు, ఎంపిక చేసిన మొక్కల్లో ఒక వరుస, పీల్చి ఆవిరిగా వదిలిన నీటికి మామూలు జెఎల్ 24 కంటే 40 శాతం ఎక్కువ పదార్థం తయారుచేసిందని 2007లో ప్రకటించారు. ఆ తర్వాత, మట్టి నింపిన పొడవాటి గొట్టాల్లో పెంచి తూకం వేస్తూ చూస్తే, వేళ్లు లోతు నుంచి నీరు తోడుకునే తీరు కూడా మెరుగుపడినట్టు తేలింది. మంచి ఫలితాలే. అయితే మన దేశంలో జన్యుమార్పిడి వేరుశనగ సాగుకు అనుమతి లేదు. అనంతపురం రైతు చేతికి వచ్చింది కదిరి 6 అనే రకం. జెఎల్ 24ను ఒక జనకంగా తీసుకొని, మామూలు సంకరణంతోనే కదిరిలో దాన్ని రూపొందించారు.

దీన్ని బట్టి జన్యు పరిశోధన వృథా అనకూడదు. పూతలో వచ్చే బెట్ట వేరు, కాయ ఊరేటప్పుడు వచ్చే బెట్ట వేరు. ఇసుకనేలకూ నల్లరేగడికీ ఒకే మందు పనిచేయదు. ఏ బెట్టకు ఏ జన్యువు, ఏ దశలో మేలుకోవాలో తేల్చే పని ఇంకా మిగిలే ఉంది.

విద్యార్థులకు నా విన్నపం ఒకటే. కుండీకి నీళ్లు ఆపి, మొక్క బతికిందని ఫొటో తీసి ఊరుకోకండి. వానలు కురిసిన ఏడాదీ, ఎగ్గొట్టిన ఏడాదీ పొలంలో ఎన్ని కాయలు వచ్చాయో తూచి చూపండి. ఆ రెండు లెక్కలూ లేకుండా ఏ మొక్కకూ బెట్టను తట్టుకునే రకమని పేరు పెట్టకండి.