దవాఖానలో మందుతో పాటు మనిషి తోడు



మాది ఎనిమిదో తరగతి చదువు. మేము డాక్టర్లం కాము. కానీ సంఘం సెక్రటరీ అన్నాక సభ్యుల ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ముందు ఫోన్ వచ్చేది మాకే. ఓపీడీ వరుసల్లో, వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీల మీద చాలా రాత్రులు గడిపినం. అక్కడ కళ్ళతో చూసింది, డాక్టర్లు, సిస్టర్లు ఓపికగా చెప్తే తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడతాం.

జబ్బు ఒంట్లో ఉంటుంది. అయితే జబ్బుతో పాటు భయం, సిగ్గు, పైసల రంది కూడా వచ్చి అదే మంచం మీద పడుకుంటాయి. జబ్బుకు మందు డాక్టర్ ఇస్తారు. ఈ మూడింటి మందు చాలా వరకు మన చేతుల్లోనే ఉంది. ఇదీ మేము చెప్పదలచుకున్న మాట.

మొదలు భాష సంగతి. మన తాతముత్తాతలు తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బజారుకు పోయే మగవాళ్ళకు మరాఠీ వస్తుంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టిన మన అవ్వలకు, చుట్టుపక్కల అందరూ తెలుగువాళ్ళే కావడంతో, ఇప్పటికీ అంతంత మాత్రమే వస్తుంది. దవాఖానకు పోతే మనుమడు పక్కన నిలబడి చెప్తాడు. మన తెలుగులో తిమ్మిరి వేరు, మంట వేరు, పోటు వేరు, సలుపు వేరు, గుంజుడు వేరు. పిల్లవాడు అన్నిటికీ ఒకే మాట చెప్తాడు: "దుఖతం". డాక్టర్ నొప్పి గోలీ రాస్తారు. షుగర్ ఉన్న మనిషికి కాలు తిమ్మిరెక్కడం, స్పర్శ తెలియకపోవడం చాలా పెద్ద మాట. చిన్న ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది, కాలు తీసేసే దాకా పోవచ్చు. ఒక్క మాట తప్పుగా పోతే ఎంత దూరం పోతుందో చూడండి.

ఇంకొకటి. ఆడవాళ్ళ జబ్బులు కొడుకు ముందు, మనుమడి ముందు ఏ తల్లి చెప్తుంది? గర్భసంచి బాధ, తెల్లబట్ట, రొమ్ములో గడ్డ, ఇవన్నీ కడుపులోనే దాచుకుంటారు. "నడుము నొస్తున్నది బిడ్డా" అని అంతటితో ఆపుతారు. అందుకే ఆడవాళ్ళ వెంట రెండు భాషలు వచ్చిన ఆడమనిషే పోవాలి. బిడ్డనో, కోడలో, లేదంటే పక్కింటి అక్కనో తీసుకపోండి.

మన షోలాపూర్‌లోనే 1910లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ గారి పేరు మీ అందరికీ తెలుసు. 1938లో చైనాకు పోయిన భారత వైద్య బృందంలో ఆయన ఒకరు. అక్కడ చైనా భాష నేర్చుకుని రోగులతో వాళ్ళ భాషలోనే మాట్లాడారు. 1942లో అక్కడే కన్నుమూశారు. రోగి మాట అర్థం కావడం కూడా వైద్యంలో భాగమేనని మన ఊరి డాక్టరే చూపించిపోయారు. ప్రతి డాక్టరూ తెలుగు నేర్చుకోవాలని మేము అనం. రోగి మాటను సరిగ్గా చేరవేసే మనిషిని మనమే ఇవ్వాలి.

రెండోది దాచిపెట్టడం. పోగు తెగితే అప్పుడే అతకాలి. తెగిన పోగును చూసీ చూడనట్లు నేసుకుంటూ పోతే ఆ గీత బట్ట పొడుగూతా కనబడుతుంది. దవాఖానలో మనం దాచేవి ఏమిటి? తాగుడు, గుట్కా, మిశ్రీ, ఇంకో డాక్టర్ దగ్గర తెచ్చిన గోలీలు, నాటుమందు. "తాగుతవా?" అని డాక్టర్ అడిగితే, పక్కన మామగారో వియ్యంకుడో ఉన్నాడని రోగి తల అడ్డంగా ఊపుతాడు. దీని ఫలితం ఆపరేషన్ అయిన రెండో రోజో, మూడో రోజో కనబడుతుంది. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి మందు ఆగితే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, లేనిది కనబడుతుంది, సెలైన్ పీకేస్తాడు. మనవాళ్ళు "గాలి సోకింది" అని నిమ్మకాయలు తెస్తారు. అది గాలి కాదు. తాగుడు ఒక్కసారిగా ఆగినందుకు మెదడులో వచ్చే తిప్పలు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. ముందే చెప్తే డాక్టర్లు దానికి మందు ఇచ్చి కాపాడతారు. ఒక సభ్యుని ఇంట్లో ఇట్లనే అయితే, అతని భార్య సిస్టర్‌ను పక్కకు పిలిచి నిజం చెప్పింది. ఆ చెల్లెలు ఆ రాత్రి చెప్పిన ఒక్క మాటే అతన్ని నిలబెట్టింది. ఆమె మొగుని పరువు తీయలేదు, ప్రాణం నిలిపింది.

చేసే పని కూడా డాక్టర్‌కు చెప్పండి. మిల్లులో పత్తి దుమ్ములో ఏండ్లు గడిపినవాళ్ళకు ఛాతీ పట్టేసే జబ్బు ఒకటి ఉంది, దాన్ని బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనికి పోయిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోవడం దాని గుర్తు. పని ఏమిటో చెప్పకపోతే మామూలు దగ్గు అనుకునే అవకాశం ఉంది.

మూడోది ముసలివాళ్ళ సంగతి. పగలంతా మంచిగున్న ముసలాయన దవాఖానలో రాత్రి కాగానే తికమక పడతాడు. "ఇది ఎవరి ఇల్లు, నన్ను సాంచె కాడికి తీసుకపో" అంటాడు. పిచ్చి లేచిందని పిల్లలు ఏడుస్తారు, కొందరు కసురుకుంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షన్, జ్వరం, ఆపరేషన్, కొన్ని మందులు, నిద్ర లేకపోవడం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, ఇవన్నీ కారణాలు. కారణం పట్టుకుని వైద్యం చేస్తే చాలామందికి తగ్గుతుంది. ఇట్లా అయితే వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. మనం చేయవలసింది కూడా ఉంది. కండ్లద్దాలు, చెవి మిషన్ పెట్టండి. తెలిసిన ముఖం పక్కన ఉండాలి. ఇది దవాఖాన, ఈ రోజు ఫలానా వారం, నేను నీ కొడుకును బాపూ అని మెల్లగా చెప్తూ ఉండండి. కసిరితే భయం పెరుగుతుంది, భయంతో తికమక ఇంకా పెరుగుతుంది.

నాలుగోది పైసల రంది. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. అందుకే మన మనిషి రెండో రోజుకే "నాకు తగ్గింది, ఇంటికి పోదాం" అంటాడు. తగ్గలేదు, ఖర్చుకు భయపడుతున్నాడు. ఆ మాట నోటితో అనడు. మహారాష్ట్రలో పెద్ద ధర్మాదాయ ట్రస్టు ఆసుపత్రుల్లో 10 శాతం మంచాలు నిరుపేదలకు ఉచితంగా, మరో 10 శాతం బలహీన వర్గాలకు తక్కువ ఖర్చుకు ఇవ్వాలని 2006లో బొంబాయి హైకోర్టు ఆదేశాలతో ఒక పథకం వచ్చింది. రేషన్ కార్డు, ఆదాయం సర్టిఫికెట్ ఇంట్లో సిద్ధంగా ఉంచుకోండి. కాగితం చేతిలో ఉంటే మనిషికి ధైర్యం వస్తుంది, ధైర్యముంటే వైద్యం పూర్తి చేసుకుంటాడు.

టీబీలో కూడా ఇదే కథ. మామూలు టీబీకి సాధారణంగా ఆరు నెలల కోర్సు. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. ఇక ఎందుకని గోలీలు బంద్ చేస్తారు. ఆగిన జబ్బు మందుకు లొంగనిదిగా మారి తిరిగి రావచ్చు. ఇంకొందరు బిడ్డ పెండ్లి ఆగిపోతుందని ఎవరికీ తెలియకుండా దాచి, గోలీ తీసుకునే దగ్గరికే పోరు. మందు సరిగ్గా పడితే అంటించే గుణం కొద్ది వారాల్లోనే బాగా తగ్గిపోతుంది, కోర్సు పూర్తయితే నయమవుతుంది. సర్కారు పౌష్టికాహారానికని 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి అది 1,000 అయింది. టీబీ వచ్చిన ఇంటితో సంబంధం వద్దనే మాట మన కులంలో ఇక వినబడకూడదు. ఆ మాట అన్నవాళ్ళే జబ్బును దాచిపెట్టిస్తున్నారు.

ఐదోది, కోపం తెచ్చుకోకండి, చూడవచ్చే మన బంధువుల తీరు. ఒక మంచం చుట్టూ పది మంది. "మా చిన్నాయనకు గిట్లనే అయింది, నాలుగు రోజుల్లో పోయిండు" అని రోగి ముందే అంటారు. ఇది పరామర్శ కాదు. చూడను పోయినవాళ్ళు ఇద్దరికి మించకుండా లోపలికి పోండి, పది నిమిషాలు కూర్చోండి, ఇంటి కబురు చెప్పండి. పండ్ల బదులు ఆ ఇంటి పిల్లలకు ఒక పూట అన్నం పెట్టండి, రాత్రి కావలికి ఒకరు ఉండండి. ఉన్న మనిషి రెండు రాత్రులు నిద్రపోతే మూడో రోజు రోగితో మెత్తగా మాట్లాడగలుగుతుంది.

ఆరోది మనసు. పక్షవాతం వచ్చి చేయి పడిపోయిన నేతగానికి చేయి ఒక్కటే పోలేదు, తాను ఎవరనేది కూడా పోయినట్టు ఉంటుంది. గుండెపోటు తర్వాత, పక్షవాతం తర్వాత మనసు కుంగిపోవడం చాలామందికి జరుగుతుంది. తిండి తినడు, వ్యాయామం చేయడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. "మొండి చేస్తున్నడు" అనకండి. దానికీ వైద్యం ఉంది, డాక్టర్‌కు చెప్పండి. "నేను ఉండి ఏం లాభం" అనే మాట వస్తే ఒంటరిగా వదలొద్దు. 14416 అనే టెలీమానస్ నంబర్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

దవాఖాన వాళ్ళ బాధ్యత కూడా ఉంది. జబ్బు ఏమిటో, వైద్యం ఏమిటో, ఖర్చు ఎంతో తెలుసుకోవడం రోగి హక్కు. మగ డాక్టర్ ఆడ రోగిని పరీక్షించేటప్పుడు ఇంకొక ఆడమనిషి అక్కడ ఉండాలని అడగడం కూడా హక్కే. గొడవ పడకుండా, తల వంచకుండా, నిమ్మళంగా అడగాలి. బయటికి వచ్చే ముందు మూడు సంగతులు అడగండి: జబ్బు ఏమిటి, మేము ఏం చేయాలి, ఎందుకు చేయాలి. విన్నదాన్ని తిరిగి డాక్టర్‌కే చెప్పి చూపించండి. కొత్త డిజైన్ చెప్పినప్పుడు పోగుల లెక్క ఒకసారి తిరిగి చెప్పుకోకుండా మనం మగ్గం ఎక్కుతామా?

మా సంఘంలో ఒక చీటీ పద్ధతి పెట్టినం. ఒక కాగితం మీద రోగి వయసు, చేసిన పని, వాడే గోలీలు, అలవాట్లు, పడని మందులు, పాత ఆపరేషన్లు, ఇంటివాళ్ళ ఫోన్ నంబర్ రాస్తాం. బాధను రోగి తన తెలుగులో చెప్పినట్లే ఒక వరుసలో రాసి, కింద మరాఠీలో దాని అర్థం రాస్తాం. వెంట ఒక తోడు మనిషి పోతారు. తెలిసిన సంగతి బయట ఎక్కడా చెప్పకూడదనేది తోడు మనిషికి మొదటి నియమం.

సమాఖ్యకు మా విన్నపం ఒక్కటే. ప్రతి ఊరి సంఘం ఇద్దరు ఆడవాళ్ళను, ఇద్దరు మగవాళ్ళను తోడు మనుషులుగా ఎంచాలి. వాళ్ళ ఫోన్ నంబర్లు ప్రతి ఇంటికీ చేరాలి. దీనికి భవనం అక్కర లేదు, పెద్ద చందా అక్కర లేదు. ఈ వార్షికోత్సవం రోజే తీర్మానం చేస్తే, వచ్చే ఏడు ఇదే వేదిక మీద ఎన్ని ఇండ్లకు తోడు పోయినమో లెక్క చెప్పుకుందాం.