అరువు వ్రాత, అక్కఱలేని వేషము



మాది ఖమ్మం జిల్లాలోని వేంసూరు. మా ఊరినుండి సత్తుపల్లి దాటి అశ్వారావుపేట త్రోవ పట్టినచో అడవి యెదురగును. ఆ అడవి అంచు పల్లెల వారికిని మాకును రాకపోకలు మెండు. నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. ఇంట నొక కంప్యూటరు నుంచుకొని, అడిగినవారికి అర్జీలును నోటీసులును వ్రాసి యిచ్చుచుందును. ఆ పనిలో నేను చేసిన రెండు తప్పులను, వానివలన నేర్చిన పాఠమును నేడు మీకు మనవి చేసెదను.

విషయము చిన్నది. ఇంటర్నెట్టులోని వ్రాతను తెచ్చి మన కాగితములో అంటించునపుడు దాని వెంట వచ్చు అక్కఱలేని హంగులను తొలగించుట యెట్లు? ఇంతియే. కాని ఈ చిన్న పనిలోనే ఒక గ్రామసభ చెల్లుబాటు చిక్కుకొనబోయెను. కావున ఓపికతో వినుడు.

2021వ సంవత్సరము చివర, తెలంగాణ ప్రభుత్వము పోడు భూముల దరఖాస్తులను స్వీకరించిన దినములలో, అడవి అంచు పల్లెనుండి నలుగురు పెద్దలు మా యింటికి వచ్చిరి. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము ప్రకారము పోడు హక్కు కోరువారి దరఖాస్తులను మొట్టమొదట విచారించి తీర్మానము చేయవలసినది గ్రామసభయే. ఆ సభకు నోటీసు కావలెను. అందు నిబంధనలు తెలుగున నుండవలెను. ఇంటర్నెట్టులో ఒకచోట ఆ నిబంధనలు తెలుగున దొరకెను. కాపీ చేసితిని, వర్డులో అంటించితిని, అచ్చు తీసితిని.

వచ్చిన కాగితమును చూడ సిగ్గు వేసెను. అక్షరముల వెనుక బూడిదరంగు పట్టీలు. నడుమ నడుమ నీలి మాటలు, వాని క్రింద గీతలు. ఒక వాక్యము ఆవగింజ, ఒక వాక్యము గుమ్మడికాయ. వరుసలు సగములో విఱిగి క్రిందికి జాఱినవి. నాలుగవ పేరా యైతే కనబడనే లేదు. ఆ పుటలో అది నల్లని పలకపై తెల్లని అక్షరములతో నుండెనట. పలక అక్కడనే నిలిచిపోయి, తెల్లని అక్షరములు మాత్రము తెల్లని కాగితముమీదికి వచ్చి మాయమయ్యెను. ఇది నా మొదటి తప్పు.

ఇట్లేల జరుగును? మనము కాపీ యనగానే కంప్యూటరు ఒక మూటను గాక రెండు మూడు మూటలను కట్టి యుంచును. ఒక మూటలో అక్షరములు మాత్రమే యుండును. మఱియొక మూటలో అక్షరములతోబాటు రంగు, కొలత, ఫాంటు పేరు, లంకెలు, పట్టికలు అన్నియు నుండును. పేస్టు అనగానే వర్డు సాధారణముగా ఈ రెండవ మూటను విప్పును. మనకు కావలసినది మొదటి మూట యని దానికి మనమే చెప్పవలెను. పూర్వము తాటాకుమీద ప్రతి వ్రాసిన వ్రాయసకాడు అక్షరమునే తీసికొనెను గాని మూలపు ఆకు రంగును తీసికొనలేదు గదా! యంత్రమునకు ఆ వివేకము లేదు.

చెప్పు విధములు సులభములు. పేస్టు గుర్తు క్రింద ‘కీప్ టెక్స్ట్ ఓన్లీ’ యని యొకటి కలదు. దానిని నొక్కిన అక్షరములు మాత్రమే దిగును. క్రొత్త వర్డులో కంట్రోలు, షిఫ్టు, ‘వి’ మీటలను కలిపి నొక్కిననుచాలును. లిబ్రె ఆఫీసు వాడువారు వానికి ఆల్టు మీటను గూడ చేర్చవలెను. ఇవి యేవియు గుర్తులేనిచో, వ్రాతను ముందు నోట్‌ప్యాడులో అంటించి, అచ్చటినుండి మరల కాపీ చేసి తెచ్చుకొనుడు. నోట్‌ప్యాడు ఒక జల్లెడ వంటిది. రంగులు, కొలతలు దానిలో నిలువవు. ఇదివఱకే అంటించినదైనచో, వర్డులో కంట్రోలుతో ‘ఎ’ నొక్కి అంతయు ఎంచుకొని, కంట్రోలుతో స్పేసు నొక్కిన అక్షరముల వేషము పోవును. కంట్రోలుతో ‘క్యూ’ నొక్కిన పేరాల వేషము పోవును. పొరబాటైనచో కంట్రోలుతో ‘జెడ్’ నొక్కిన పూర్వస్థితి వచ్చును గనుక భయపడ నక్కఱలేదు.

నేనును అట్లే చేసితిని. వ్రాత కడిగిన ముత్యమువలె వచ్చెను. సంతోషించి పెద్దలకు చదివి వినిపించితిని. గ్రామసభకు సభ్యులలో ఎందఱు హాజరు కావలెనో తెలుపు చోట “మూడింట రెండు వంతులు సగము” అని యుండెను. వారిలో ఒక వృద్ధుడు చేయెత్తి ఆపెను.

“పంతులుగారూ, రెండు వంతులా? సగమా? ఏదో ఒకటి చెప్పండి. ఊళ్లోవాళ్లకి ఏమని చెప్పాలి?” అని యడిగెను.

నేను తెల్లబోయి మూలమును మరల చూచితిని. అందు ‘మూడింట రెండు వంతులు’ అను మాటలపై అడ్డుగీత యుండెను. 2007వ సంవత్సరపు నిబంధనలలో కోరము మూడింట రెండు వంతులు. 2012లో దానిని సవరించి, సగమునకు తగ్గరాదనియు, హాజరైనవారిలో మూడవ వంతుకు తక్కువ గాకుండ స్త్రీలు ఉండవలెననియు మార్చిరి. అడ్డుగీత యనగా కొట్టివేతయని అర్థము. నేను వేషమనుకొని గీతను తీసివేసితిని. చచ్చిన నిబంధనకు ప్రాణము వచ్చి కూర్చుండెను. ఇది నా రెండవ తప్పు.

మూడువందల మంది సభ్యులున్న గ్రామసభ యనుకొనుడు. పాత లెక్కకు రెండువందలు రావలెను; నేటి లెక్కకు నూట యేబది చాలును, కాని వారిలో ఏబదిమంది స్త్రీలుండవలెను. నా నోటీసును నమ్మి సభ జరిపినచో, చాలినంతమంది వచ్చియు చాలలేదని తీర్మానము మానుకొని యుందురు. ఏండ్ల తరబడి దున్నిన భూమి హక్కు, ఒక గీత మూలమున వెనుకబడి యుండును.

అందుచేత నేను చెప్పదలచిన మాట యిది: హంగులన్నియు వేషము గావు, కొన్ని అర్థమునకు అవయవములు. వస్త్రము విప్పవచ్చును గాని చర్మము ఒలువరాదు. రంగు, నీడ, ఫాంటు కొలత, లంకె క్రింది గీత – ఇవి వస్త్రములు. కొట్టివేత గీత, పట్టికలోని గళ్లు, అంకె నెత్తిన నుండు చిన్న అంకె – ఇవి చర్మములు. ఎకరములు, గుంటలు వేఱువేఱు గళ్లలో నున్న పట్టికను అక్షరములు మాత్రమే తెచ్చిన, గళ్లు పోయి అంకెలు ఒకదాని చోటికి ఒకటి జరుగవచ్చును.

తెలుగువారికి ఇంకను రెండు చిక్కులు గలవు. ముద్రణశాలలలో చిరకాలముగా వాడుకలోనున్న అను ఫాంట్ల వ్రాతలో లోపలి గుర్తులు ఇంగ్లీషు అక్షరములవి. తెలుగు రూపము ఫాంటు ఇచ్చినది. దాని ఫాంటు తీసిన తెలుగే పోయి అర్థము లేని గుర్తులు మిగులును. 1991లో వెలువడిన యూనికోడులో తెలుగు అక్షరములకు సొంత స్థానము లిచ్చిరి గనుక, ఆ వ్రాతకు ఫాంటు మార్చినను తెలుగు చెడదు. పాత వ్రాతను ముందు యూనికోడులోనికి మార్చి, తరువాతనే శుభ్రము చేయవలెను. రెండవది, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో ‘ట్’ తరువాత కంటికి కనబడని గుర్తొకటి యుండును. కనబడనివెల్ల చెత్తయని తుడిచినచో ‘ట’ క్రింద ‘వ’ వత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అగును.

కావున ఒక పద్ధతి పాటింపుడు. మూలమును ముందు కన్నులార చదువుడు. కొట్టివేతలు, పట్టికలు, చిన్న అంకెలు ఉన్నచో కాగితముపై గుర్తు పెట్టుకొనుడు. తరువాత అక్షరములనే తెచ్చుకొని, కొట్టివేసిన మాటలను చేతితో తొలగింపుడు. తుదకు ఒకరు మూలమును, ఒకరు ప్రతిని పట్టుకొని బిగ్గరగా చదువుడు. పందొమ్మిదవ శతాబ్దమున కడపలో బ్రౌను దొర పండితులచేత ప్రతులను సరిపోల్చి చూపించి, గ్రంథములను పరిష్కరింపజేసెను. యంత్రము మాఱినను ఆ పని మాఱలేదు.

ఆనాడు నోటీసును మరల వ్రాసితిని. ఆ వృద్ధునిచేతనే మరల చదివించితిని. ఆయన కంప్యూటరు తాకి యెఱుగడు. అయినను నా తప్పును పట్టినది ఆయన చెవియే. మీ యింట పిల్లలు ఏ కాగితమైన తయారుచేసి తెచ్చినపుడు, సంతకము చేయుటకు ముందు బిగ్గరగా చదివించుకొనుడు. పొసగని మాట వినబడినచో ఆపి యడుగుడు. సెలవు.