కిటికీలోని మొక్క, బేగంబజార్ ఆకులు

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినము ఒక చిన్న సంగతిని గూర్చి మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను. చిన్నదో పెద్దదో విన్న తరువాత మీరే చెప్పండి.

మా సంఘములో ఒక తల్లి ఉన్నది. భర్త గతించాడు, పిల్లలు పైదేశములో ఉన్నారు. క్రిస్మస్‌కు ముందు ఆమె నన్ను అడిగింది, "అయ్యగారూ, ఇంట్లో కాస్త పచ్చగా ఏదైనా ఉంటే బాగుండునని ఉంది. మొక్క కొననా, ప్లాస్టిక్‌ది కొననా?" ఇందులో ఇంత ఆలోచన ఏమిటమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది. భర్త పది సంవత్సరాలు పెంచిన గులాబి మొక్క, ఆయన ఆసుపత్రిలో ఉన్న నెలలో నీళ్లు లేక ఎండిపోయిందట. "మళ్లీ ఒకటి నా చేతిలో చావడం నేను చూడలేను" అన్నది.

యోనా సొరచెట్టు సంగతి మీరెరుగుదురు. ఆయన దానిని నాటలేదు, నీళ్లు పోయలేదు. అది వాడిపోతేనే అంత దుఃఖపడ్డాడు. పది సంవత్సరాలు పోసిన ఇంటిలో ఎంత దుఃఖము ఉంటుందో ఆలోచించండి. అందుచేత ప్లాస్టిక్ కొనేవారిని చూచి నేను నవ్వను.

ఆమెతో కలిసి బేగంబజార్ వెళ్లాను. రెండవ నిజాము భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలము గనుక ఆ పేరు వచ్చినదని చెబుతారు. మసాలాలు, ఎండు పండ్లు, స్టీలు సామాను దాటి పూల దుకాణాలున్న సందులోకి వెళితే తల మీద తీగలు, కాళ్ల దగ్గర గుత్తులు, అన్నీ డజన్ల లెక్కనే. దుకాణదారుడు ఒక తీగను దులిపి చూపించి, "పానీ నహీ, ధూప్ నహీ, టెన్షన్ నహీ అమ్మా" అన్నాడు. నిజమే చెప్పాడు. దుమ్ము సంగతి మాత్రము చెప్పలేదు! ఆ ఆకుల మీద దుమ్ము పేరుకొంటుంది. అప్పుడప్పుడు సబ్బునీళ్లతో కడగాలి. ఎండ తగిలే చోట పెడితే రంగు వెలిసిపోతుంది. ముఖ్యముగా క్రైస్తవ గృహాలలోని వారు గమనించండి. క్రిస్మస్ కొవ్వొత్తుల దగ్గర ఈ తీగలను అలంకరించవద్దు. ప్లాస్టిక్, పాలిస్టర్ త్వరగా అంటుకొంటాయి, ఆ పొగ కూడా ప్రమాదకరము. పాతబడిన తరువాత అవి మట్టిలో కలవవు, పాత సామానువాడు కూడా కొనడు.

అయితే మొక్క కొనమని చెప్పేవారి మాటలన్నీ నిజమా? గాలిని శుద్ధి చేస్తుంది గనుక కొనండి అంటారు. ఈ మాట 1989లో అమెరికాలోని నాసా జరిపించిన పరిశోధన నుండి వచ్చింది. అక్కడ మొక్కలను మూసిన పెట్టెలలో ఉంచి పరీక్షించారు. మన ఇల్లు మూసిన పెట్టె కాదు గదా! అటువంటి పరిశోధనలను ఎన్నో కలిపి లెక్కచూచిన ఇద్దరు శాస్త్రజ్ఞులు, మామూలుగా ఇంటిలోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావాలని 2019లో తెలియజేశారు. గాలి కావాలంటే కిటికీ తెరవండి, ఖర్చు లేదు. పడకగదిలో మొక్క ఉంటే రాత్రి మన ఊపిరిని లాగేస్తుందనే భయము కూడా వద్దు. పక్కన పడుకొన్న మనిషి అంతకంటే ఎక్కువ పీలుస్తాడు.

భయపడవలసినది దోమకు. డెంగీ తెచ్చే దోమ మనీప్లాంటు సీసాలో, కుండీ క్రింది పళ్లెములో గుడ్లు పెడుతుంది. వారము పది రోజులలో దోమలై లేస్తాయి. వారమునకు ఒకసారి నీళ్లు పారబోసి, అంచులను రుద్ది కడగాలి. అంచుకు అంటిన గుడ్లు ఎండినా నెలల తరబడి చావవు. పసిపిల్లలున్న ఇంటిలో డిఫెన్‌బాకియా అనే మచ్చల ఆకుల మొక్కను పెట్టకండి. నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి.

ఇంటికి మొక్కలు చావడానికి పెద్ద కారణము నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై. ప్రేమతో రోజూ పోసి వేళ్లు కుళ్లబెడతాము. వేలు మట్టిలో గుచ్చి చూడండి, తడి ఉంటే పోయవద్దు. వెలుగు తక్కువైన గదిలోనైనా స్నేక్ ప్లాంటు రెండు మూడు వారాలు నీళ్లు లేకుండా ఉండగలదు. ఊరికి వెళ్లేవారికి, చెయ్యి వణికే పెద్దవారికి అది మంచిది.

తిరుగు దారిలో అఫ్జల్‌గంజ్ వైపు నడిచాము. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకొన్న చింతచెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆమె భర్త గడిపిన ఆసుపత్రి అది కాదు. అయినా ఆ గోడ దగ్గర ఆమె కొంచెముసేపు నిలబడింది. నేనేమీ అడగలేదు.

ఆమె రెండూ తీసుకొన్నది. వెలుగు రాని నడవకు బేగంబజార్ తీగ, కిటికీకి నర్సరీ నుండి ఒక స్నేక్ ప్లాంటు. నేను కిటికీలోదానికే ఎక్కువ సంతోషించాను, దాచుకోను. ఉదయం లేచి ఎవరినైనా చూచుకొనే పని ఆమెకు మళ్లీ కలిగింది గనుక.

పోయిన వారము ఫోను చేసింది. ఒక ఆకు పసుపుబారిందట, గొంతులో కంగారు. నీళ్లు ఎన్నిసార్లు పోస్తున్నావమ్మా అని అడిగాను. రోజూ అన్నది. ఆపమని చెప్పాను. క్రింద ఒక పిలక కూడా వస్తున్నదట.