కీ రిజిస్టర్ నుంచి వేలిముద్ర దాకా



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో, ఆ పెద్దాయన ఉద్యోగమంతా పౌర సరఫరాల గోదాముల్లోనే గడిచింది. అందుకే సరుకుల సరఫరాలో కంప్యూటర్ల చరిత్ర చెప్పమంటే బార్‌కోడ్ దగ్గరో, అమెజాన్ గిడ్డంగుల దగ్గరో మొదలుపెట్టబుద్ధి కాలేదు. రేషన్ బియ్యం కథే చెబుతాను.

1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక రేషన్ కార్డు లేని పేద ఇల్లంటే అదో లోటుగా మారింది. రైతు కళ్లం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి గోదాముకు, అక్కణ్ణుంచి మండల స్టాక్ పాయింటుకు, చివరకు డీలరు కొట్టుకు: ఇదీ బియ్యం దారి. ప్రతి మజిలీలోనూ కాగితమే సాక్షి.

ఆ కాగితాల్లో చివరిది కీ రిజిస్టర్. కార్డు నంబరు, పేరు, ఇచ్చిన సరుకు, ఎదురుగా సంతకమో నిశానో. నెల మొదట్లో వెళితే "ఇంకా స్టాకు రాలేదమ్మా", నెలాఖరున వెళితే "అయిపోయింది". మధ్యలో ఎప్పుడొచ్చిందో, ఎప్పుడైపోయిందో రిజిస్టరుకే ఎరుక. వలసపోయినవాళ్లూ, ఆఖరికి కాలం చేసినవాళ్లూ నెలనెలా నిశాని వేసి బియ్యం పట్టుకెళ్లినట్టు రాసి ఉండేది! డీలర్లందరూ దొంగలని నేననను. వాళ్లకిచ్చే కమీషన్ చూస్తే కొట్టు అద్దెకే చాలదనిపిస్తుంది.

2015లో ఆంధ్రప్రదేశ్ కొట్లలోకి, వేలిముద్ర సరిపోల్చుకుని సరుకు లెక్క రాసే ఈ-పోస్ యంత్రం వచ్చింది. అందరూ వేలిముద్ర గురించే మాట్లాడారు. నా దృష్టిలో అసలు దెబ్బ ముగింపు నిల్వ మీద పడింది. నెలాఖరుకు కొట్లో ఎన్ని కిలోలు మిగిలాయో యంత్రం చెప్పడం మొదలయ్యాక, వచ్చే నెల కోటాలో ఆ మేరకు కోత పడింది. అంతవరకూ మిగులు గుట్టుగా డీలరు చేతిలో ఉండేది. ఇప్పుడది సర్కారు లెక్కలోకి ఎక్కింది. ఎలక్ట్రానిక్ కాటాను యంత్రానికి జోడించాక తూకమూ బయటపడింది. దీనికి డీలర్లు అడిగే ప్రశ్న ఒకటుంది: మా కాటాకు ఇంత కట్టడి పెట్టారు సరే, స్టాక్ పాయింటులో బస్తాకు పడే తరుగును, గోనె సంచి బరువును ఎవరు భరిస్తారు? న్యాయమైన ప్రశ్నే.

2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పోర్టబిలిటీ, అంటే కార్డు ఎక్కడిదైనా ఉన్నచోటే సరుకు తీసుకునే వీలు, మొదలైంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కు భవన నిర్మాణ పనికి వచ్చిన కూలీ ఇక్కడే బియ్యం తీసుకోవచ్చు. 2022 జూన్‌కల్లా దేశమంతా ఈ వరుసలోకి వచ్చింది. కార్డుదారుకు నచ్చకపోతే పక్కకొట్టుకు పోయే హక్కు దక్కింది. డీలరు మాటతీరు మారడానికి ఏ తనిఖీ కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

అయితే రుజువు బరువు మాత్రం చేతులు మారింది. ఒకప్పుడు ఇచ్చానని డీలరు చూపించుకోవాలి. ఇప్పుడు నేను నేనేనని ముసలమ్మ చూపించుకోవాలి. నాట్లు వేసి, అంట్లు తోమి గీతలరిగిన వేళ్లు యంత్రానికి అందవు. కనుపాపతో ప్రయత్నిస్తారు; అదీ కుదరకపోతే, సర్వర్ మొరాయిస్తే, రేపు రమ్మంటారు. ఆ రేపటికి పోయే కూలి ఏ డాష్‌బోర్డులోనూ కనబడదు.

యంత్రం చూపు కొట్టు గడపదాకానే. గడప దాటాక బ్రోకరు కాచుకుని ఉంటాడు. వేలిముద్ర సక్రమం, తూకం సక్రమం. సందు చివర అదే బియ్యం చేతులు మారి మిల్లుకో, రేవుకో చేరుతుంది. 2024 నవంబరు చివర కాకినాడ రేవులో ఓడలోకెక్కిన రేషన్ బియ్యం మీద పెద్ద రభసే జరిగింది.

తెలంగాణ ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. దొడ్డుబియ్యమైతే అమ్ముకుంటున్నారు, సన్నవైతే వండుకుంటారన్న లెక్కతో 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు వానాకాలం నుంచే సన్నరకం వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. అంటే మార్పు కొట్టు దగ్గర కాదు, పొలం దగ్గర మొదలైంది. దాంతో కొనుగోలు కేంద్రంలో సన్నాలూ దొడ్డువీ వేరు చెయ్యాలి, మిల్లులో వేరుగా పెట్టాలి, వేరుగా ఆడించాలి. లారీకి జీపీఎస్ ఉంది, కొట్టుకు ఈ-పోస్ ఉంది. మిల్లులోకి వెళ్లిన వడ్లే బియ్యమై బయటికొచ్చాయా అన్నది మాత్రం ఇవాళ్టికీ శాంపిలు తీసి గింజ చూసే మనిషే తేల్చాలి. అలాంటి మనుషులను ఎందరిని నియమిస్తున్నామో శాఖవారిని అడగాలనుంది.