రూపాయి ముందు ఎవరి చేతిలో పడుతుంది?

(గుడిబండలో మేము చెప్పిన మాటలు)



ఈ పొద్దు దుడ్ల సంగతి మాట్లాడుకుందాం. లేనోళ్ళకు దుడ్ల లెక్క ఎందుకని నవ్వేవాళ్ళు ఉంటారు. లేనోళ్ళకే ఆ లెక్క ముందు తెలియాల.

నోటు వెనక బంగారం ఉంటుందనుకుంటాం. రిజర్వు బ్యాంకుకు పోయి నోటిస్తే బంగారం ఇవ్వరు. సర్కారు మాట మీదే అది చెల్లుతుంది. 2016 నవంబరు 8 రాత్రి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. 500, 1000 నోట్లు వట్టి కాగితాలైనాయి.

అచ్చేసిన నోట్లే దుడ్లు కావు. బ్యాంకు ఒకనికి లక్ష అప్పిస్తే, పెట్టెలోంచి నోట్లు తీసి ఇవ్వదు, అతని ఖాతాలో లక్ష అని రాస్తుంది. ఆ రాతతోనే కొత్త దుడ్లు పుడతాయి, అప్పు తీరితే పోతాయి. మరి ఆ రాత ఎవరి పేరున? భూమి, పాసుపుస్తకం ఉన్నోళ్ళ పేరున. వాళ్ళకు పంట అప్పు ఏడాదికి 7 శాతం. భూమిలేని మనం నూటికి నెలకు 3 రూపాయల లెక్కన 10,000 తెస్తే ఏడాదికి వడ్డీయే 3,600. అంటే 36 శాతం! నెలకు మూడే కదా అనుకుంటాం, మోసమంతా అక్కడే.

ఇంకొకటి. సరుకు పెరగకుండా దుడ్లు పెరిగితే ధరలు లేస్తాయి. కొత్త దుడ్లు ముందు అందినోడు పాత ధరకే కొంటాడు. అవి కూలిగా మన చేతికొచ్చేసరికి ధర మారిపోతుంది.

బాబాసాహెబ్ 1923లోనే 'రూపాయి సమస్య' మీద పుస్తకం రాసినాడు. 1893లో తెల్లదొరల సర్కారు, వెండి తెచ్చినోళ్ళకు నాణెం కొట్టిచ్చే పద్ధతి ఆపి, రూపాయిని తన చేతిలో పెట్టుకుంది. ఆ చేతికి హద్దు లేకపోతే రూపాయి విలువ పడుతుందన్నాడు ఆయన. ధరలు లేచినంత తొందరగా కూలి లేవదు, వ్యాపారికి వచ్చే ఆ లాభం కూలోడి నష్టమే అన్నాడు. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా రూపాయి మీద సాక్ష్యం చెప్పినాడు. 1935లో మొదలైన రిజర్వు బ్యాంకును ఆయనే పెట్టినాడని మనోళ్ళు కొందరంటారు. అంత చెప్పనక్కరలేదు, ఆయన రాసిందే చాలు.

ఇప్పుడు మన కూలికి రాండి. పోయినేడు కూలి 300, రాగులు కిలో 30 అనుకోండి. దినం కూలికి 10 కిలోలు. ఈయేడు కూలి 330, రాగులు 40 అయితే? 8 కిలోల మీద పావు. ముప్పై రూపాయలు పెంచినామని ఆసామి అంటాడు, ఇంట్లో సంగటి ముద్ద మాత్రం చిన్నదైంది.

అందుకే కూలి బేరమైనా, ఉగాదికి జీతం మాట్లాడుకునేదైనా, రూపాయల్లోనే అడగొద్దండి. రాగులు, నూనె, బ్యాళ్ళు కిలో ఎంతుందో నెలనెలా సంఘం పుస్తకంలో రాయండి. వచ్చే బేరానికి ఆ పుస్తకం పట్టుకునే పోదాం.