ఆటల పీరియడు ఎవరిది?

బిడ్డ బొద్దుగా ఉంటే ఇంటిల్లిపాదికీ ముద్దు. సన్నగా ఉంటే తల్లికి నామర్దా. "ఏమ్మా, పిల్లాడికి అన్నం పెట్టడం లేదా?" అని ఎవరు అడిగేస్తారోనని మనకి బెంగ. కరువులూ కలరాలూ చూసిన మన నాయనమ్మలు ఆ మాట అన్నారంటే అర్థం ఉంది. ఒంట్లో కాస్త కండ ఉన్న బిడ్డే ఆనాడు జబ్బుని తట్టుకునేవాడు. కాని సోదరీమణులారా, ఇప్పుడు లెక్క మారింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో నూటికి 2.1 మంది. 2019-21 నాటికి 3.4 మంది అయ్యారు. ఇంతేనా అనకండి. ఇది పల్లెలూ పట్నాలూ, ఉన్నవారూ లేనివారూ అందర్నీ కలిపి వేసిన లెక్క. మీ అమ్మాయి తరగతి ఫోటో ఒకసారి తీసి చూడండి, సంగతి మీకే తెలుస్తుంది.

ఇంట్లో మనం ఎంత జాగ్రత్తపడినా, పిల్లలు పగలంతా ఉండేది బడిలో. ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పట్టుకున్న అలవాటు అంత సులువుగా వదలదు, మంచిదైనా చెడ్డదైనా. అందుకే ఈ విషయంలో ప్రాథమిక పాఠశాల మీద నాకు ఆశ ఎక్కువ. కోపం కూడా ఎక్కువే!

కోపం ఎందుకంటారా? అయిదేళ్ళు దాటిన పిల్లలు రోజుకి కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే రాసి ఉంది. మరి జరుగుతున్నదేమిటి? టైంటేబిల్‌లో ఆటల పీరియడు ఉంటుంది. లెక్కల సిలబస్ మిగిలిపోతే ముందుగా దానికే ఎసరు. పిల్ల బడికి బస్సులో వెడుతుంది, బస్సులోనే వస్తుంది, ట్యూషన్‌లో కూర్చుంటుంది, ఆ తరవాత సెల్‌ఫోన్. ఇక ఒళ్ళు కదిలేది ఎప్పుడు?

"మా పిల్లల బడికి మైదానమే లేదు కదా" అంటారు కొందరు. స్కాట్లండులో స్టిర్లింగ్ పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో 2012లో ఎలేన్ వైలీ అనే ప్రధానోపాధ్యాయురాలు ఒక చిన్న ఏర్పాటు చేశారు. రోజూ పావుగంట సేపు తరగతి మొత్తం బయటికి వచ్చి పరుగెత్తడమో, నడవడమో చేయాలి. పోటీ లేదు, బహుమతి లేదు, వేరే బట్టలు కట్టుకోవడం లేదు. వేసుకున్న యూనిఫారంతోనే. 'డైలీ మైల్' అనే పేరుతో అది ఎన్నో దేశాలకి పాకింది. దానికి మైదానం అక్కర్లేదు, బడి చుట్టూ ఉన్న ఆవరణ చాలు. మన తొక్కుడుబిళ్ళకీ, తాడాటకీ మాత్రం ఎంత చోటు కావాలి?

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. సింగపూర్‌లో 1992లో బడిపిల్లల కోసం 'ట్రిమ్ అండ్ ఫిట్' అనే పథకం పెట్టారు. లావుగా ఉన్న పిల్లల్ని విడదీసి వారిచేత అదనంగా వ్యాయామం చేయించారు. నూటికి 14గా ఉన్న అధిక బరువు పిల్లలు పదిలోపుకి తగ్గారు కూడా. కాని ఆ పథకం పేరులోని పొడి అక్షరాలు టి, ఎ, ఎఫ్. తిరగేసి చదివితే 'ఫ్యాట్', అంటే లావు. తోటిపిల్లలు ఊరుకుంటారా! వెక్కిరింతలతో ఆ పిల్లలు కుమిలిపోయారు. చివరకి 2007లో దాన్ని ఎత్తేసి, అందరు పిల్లలకీ కలిపి వేరే పద్ధతి తెచ్చారు. కనుక బడిలో ఏం చేసినా తరగతి మొత్తానికి చేయాలి. ఇంట్లో 'గుమ్మడికాయా' అని ముద్దుగా పిలిచే మామయ్యలకి కూడా ఈ సంగతి చెప్పండి.

ఇక తిండి సంగతి. బడి క్యాంటీన్‌లోనూ, గేటుకి 50 మీటర్ల లోపునా కొవ్వు, ఉప్పు, పంచదార మితిమీరిన చిరుతిళ్ళు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధన చేసింది. ఏ పదార్థంలో ఎంత పంచదార ఉందో తెలిపే బోర్డులు బడుల్లో పెట్టమని సి.బి.ఎస్.ఇ. 2025లో ఆదేశించింది. బోర్డు మంచిదే. కాని పిల్లలకి అంకె కన్నా కళ్ళతో చూసింది బాగా గుర్తుంటుంది. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాముల పైచిలుకు పంచదార ఉంటుంది. టీచరు ఖాళీ గ్లాసులో ఒక్కొక్క చెంచా పంచదార వేస్తూ పిల్లలచేత ఆరుదాకా లెక్కపెట్టిస్తే చాలు, అదే పోషకాహార పాఠం. మీ వంటింట్లోనూ చేసి చూపించవచ్చు.

అలాగని సగం పాఠం బడిదే అని వదిలేస్తే కుదరదు సుమండీ. బోర్డు చదివి వచ్చిన పిల్లకి టిఫిను డబ్బాలో చిప్స్ పొట్లం పెట్టేది మనమే. తెల్లవారుజామున తీరిక ఉండదు, నిజమే. రాత్రి నానేసిన శనగలు కుక్కర్లో రెండు కూతలు, పైన తిరగమోత. లేదంటే చిన్న పెసరట్టు, ఓ జామకాయ ముక్క. సున్నుండ బలమే, కాని రోజుకి ఒకటి చాలు, మూడు కాదు. పుట్టినరోజుకి తరగతిలో చాక్లెట్లకి బదులు పెన్సిళ్ళు పంచే బడులు ఉన్నాయి. మీ బడిలోనూ అడగండి.

బిడ్డ లావుగా కనబడుతోందని వెంటనే అన్నం తగ్గించేయకండి. పెద్దవాళ్ళ లెక్క పిల్లలకి పనికిరాదు. 5 నుంచి 18 ఏళ్ళ వారికి వయసునిబట్టి చూసుకునే పట్టికలు శిశువైద్యుల సంఘం 2015లో తయారుచేసింది. డాక్టరుగారు అవి చూసి చెబుతారు. ఎదిగే వయసు కదా, చాలామంది పిల్లల్లో బరువు తగ్గించనక్కర్లేదు. పెరగకుండా నిలిపితే చాలు, పొడుగు ఎదిగేకొద్దీ సర్దుకుంటుంది.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల సంగతి అయ్యాక ఇంకో రెండు నిమిషాలు కూర్చోండి. ఈ నెలలో ఆటల పీరియడ్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని జరిగాయి, మిగతావి ఏ సబ్జెక్టుకి ఇచ్చారు అని అడగండి. మీతోపాటు మరో నలుగురు తల్లులు అడిగేలా చూడండి.