డెక్కు కింద మనుషులు

(మన సంఘం స్వర్ణోత్సవాల్లో భాగంగా డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సభ నేవీ డే నాడు పడింది, నువ్వే మాట్లాడాలి" అన్నారు. నేను ఇంజిన్ రూమ్‌లో పనిచేసినవాణ్ణి. ఆ హోరులో మాటలు వినపడవు, చేతులతో సైగలు చేసుకుంటాం. అందుకని నా ఉపన్యాసం ఎలా ఉన్నా మా తెలుగు మాస్టారు చిన్న మనసు చేసుకోకూడదు. ఇంకో మాట. నా ఎడమ చెవి సరిగా వినపడదు. అది ఇంజిన్ల వల్ల వచ్చింది. మా లెక్కల మాస్టారు మెలేసింది కుడి చెవిని, అది ఇప్పటికీ భేషుగ్గా పనిచేస్తోంది.

ముందు ఈ తేదీ సంగతి చెబుతాను. 1971 డిసెంబరు 4 రాత్రి మన నౌకాదళం కరాచీ మీద దాడి చేసింది. ఆ దాడికి ఆపరేషన్ ట్రైడెంట్ అని పేరు. నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు క్షిపణి బోట్లు వెళ్లాయి. కిల్టన్, కచ్చల్ అనే యుద్ధనౌకలు వాటికి తోడు వెళ్లాయి. కమాండర్ బబ్రూ భాన్ యాదవ్ నాయకత్వం వహించారు. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్, మైన్‌స్వీపర్ ముహాఫిజ్ మునిగిపోయాయి. కరాచీ రేవులో చమురు ట్యాంకులు అంటుకున్నాయి. మనవాళ్లందరూ క్షేమంగా తిరిగొచ్చారు. 1972 నుంచి నౌకాదళ దినోత్సవం ఈ రోజునే జరుపుకుంటున్నాం.

ఇది పుస్తకాల్లో ఉంటుంది. ఇంజిన్ రూమ్ వాడికి ఇందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ చిన్న బోట్లు మన తీరాన్ని కాపలా కాయడానికి చేసినవి. దూరం పోయేంత ఇంధనం వాటిలో పట్టదు. అందుకని కొంత దూరం పెద్ద నౌకలు తాళ్లు కట్టి లాక్కెళ్లాయి. నడిసముద్రంలో అలల మీద ఊగుతున్న బోటుకు తాడు కట్టడం, అది తెగకుండా చూసుకోవడం, తర్వాత ఇంజిన్లు పూర్తి వేగం మీద మొరాయించకుండా నడపడం — ఇవన్నీ చేసిన మనుషులున్నారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఆ డిసెంబరు మన విశాఖకూ తెలుసు. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక తీరంలో ఇళ్ల కిటికీలు అదిరాయి. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ రేవుకు దగ్గర్లోనే మునిగిపోయింది. విక్రాంత్ అప్పటికే అండమాన్లలో ఉంది. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ ఛార్జీల వల్ల మునిగిందని మనం అంటాం, తను పెట్టిన మైనే పేలిందని వాళ్లంటారు. నీళ్ల మీద నూనె తెట్టు, చెక్కముక్కలు తేలుతున్నాయని కబురు తెచ్చింది మాత్రం చేపల వేటకు వెళ్లిన మన జాలర్లు. ఆర్‌కే బీచ్‌లో విజయస్తూపం చూసినప్పుడల్లా ఆ జాలర్లనూ తలుచుకుంటాను. ఆ జలాంతర్గామితో పాటు పోయిన 93 మందినీ తలుచుకుంటాను. వాళ్లూ మాలాగే వాచీలు కాసినవాళ్లు.

మన వైపూ నష్టం జరిగింది. డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర ఖుక్రీ నౌకకు టార్పెడో తగిలింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్‌ను ఒక సెయిలర్‌కు ఇచ్చేసి, నౌకను వదలకుండా దానితోనే వెళ్లిపోయారు. ఆయన పేరు దేశమంతటికీ తెలుసు, తెలియాలి కూడా. ఆ రాత్రి పోయినవాళ్లలో అధికారులు 18 మంది, సెయిలర్లు 176 మంది. నౌక కొద్ది నిమిషాల్లో మునిగిపోతుంటే, అడుగున పనిలో ఉన్నవాడు నిచ్చెనలెక్కి పైకి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. డ్యూటీలో ఉన్నప్పుడు ఆ నిచ్చెన మెట్లు ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో.

ఇంకొక్క పేరు చెబుతాను, పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. లీడింగ్ సీమన్ చిమన్ సింగ్. 1971లో ఖుల్నా దగ్గర ఆయన ఉన్న గన్‌బోటు వైమానిక దాడిలో మునిగిపోయింది. ఒంటి మీద గాయాలున్నా, ఒడ్డు నుంచి తూటాలు వస్తున్నా, నీళ్లలో కొట్టుకుపోతున్న తోటివాళ్లను ఆయన ఒడ్డుకు చేర్చాడు. తర్వాత శత్రువు గురిని తన మీదకు తిప్పుకుని ఇద్దరిని తప్పించాడు. తను పట్టుబడ్డాడు. బంగ్లాదేశ్ విముక్తి తర్వాతే బయటికొచ్చాడు. ఆ యుద్ధంలో నౌకాదళం తరఫున మహావీర చక్ర అందుకున్నవారిలో అధికారి కానివాడు ఆయన ఒక్కడే.

ఇక మన బడి సంగతి. నేను 1983లో చిలికాలో చేరాను. తర్వాత లోనావాలాలోని ఐఎన్‌ఎస్ శివాజీలో ఇంజిన్ పని నేర్చుకున్నాను. నాకంటే రెండేళ్లు చిన్నవాడు, మన బడి కుర్రాడే, నౌకలో వంటవాడిగా చేరాడు. ఊళ్లో కొందరు "నేవీ అంటే తుపాకీ అనుకున్నాం, గరిటా?" అని నవ్వారు. తుఫాను సముద్రంలో గిన్నె పొయ్యి మీద నిలవదు. నిలబడ్డవాడు కడ్డీ పట్టుకోవాలి. ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వందల మందికి వండేవాడు. వాంతులతో పడిపోయినవాళ్లకు గంజి పట్టించేవాడు. అందరికీ రొట్టెలు చేశాక, మా తెలుగువాళ్ల కోసం కాస్త చింతపండు పులుసు దాచి ఉంచేవాడు.

పోయిన ఏడాది ఆ తమ్ముడు కాలం చేశాడు. అతని భార్యకు కుటుంబ పింఛను రావడానికి నెలలు పట్టింది. కారణం చెబితే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు ఉంది, ఇంకో కాగితంలో వెనక ఉంది. డిశ్చార్జి పుస్తకం ఎక్కడుందో ఆమెకు తెలియదు. ఫారాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బ్యాంకులో పనిచేసి రిటైరైన మన బ్యాచ్ మిత్రుడు ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్క కాగితం సరిచేస్తే పని జరిగింది.

ఎల్లుండి గడిస్తే డిసెంబరు 7, సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి జరుగుతోంది. చిన్నప్పుడు మనమంతా చొక్కాకు గుచ్చుకున్న ఆ చిన్న జెండాలో ఎరుపు సైన్యానిది, లేత నీలం వైమానిక దళానిది, మధ్యలోని ముదురు నీలం మాది. డబ్బాలో పావలా వేసి, గుండుసూది గుచ్చుకుని, సాయంత్రానికి మరిచిపోయేవాళ్లం. ఆ డబ్బు ఇలాంటి కుటుంబాల కోసమే.

అందుకని స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘాన్ని రెండు కోరికలు కోరుతున్నాను. ఒకటి, మన బడి నుంచి మూడు దళాల్లోకీ వెళ్లిన ప్రతి ఒక్కరి పేరూ ఒక పుస్తకంలో రాయించండి. సిపాయి, వంటవాడు, డ్రైవరు, మెకానిక్, నర్సు, ఎవరినీ వదలొద్దు. రెండు, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో, బళ్లలో పనిచేసి రిటైరైనవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నెలకో ఆదివారం ఇదే బడి వరండాలో కూర్చోండి. మాజీ సైనికులు బతికుండగానే వాళ్ల కాగితాలు సరిచూడండి. భార్య పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసి, అవసరమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెంట వెళ్లండి. మొదటి ఆదివారం నేను వస్తాను. కుర్చీలు, బల్ల సంగతి హెడ్‌మాస్టరుగారు చూస్తామన్నారు.

 ఎడమ వైపు నుంచి ఎవరైనా పిలిస్తే పలకకపోవచ్చు, కాస్త కుడి వైపుకు రండి.

జై హింద్.